సపోటా పాలు, చిక్లే బంక

సపోటా తోట గల రైతులకు ఈ సంగతి చెప్పనక్కరలేదు. కాయ పక్వమునకు రాకముందే కోసినచో తొడిమ మొదట తెల్లని పాలు చిప్పిలును. అవి చేతికంటినచో నీట కడిగిన పోవు. నూనె రాచి తుడువవలసినదే. కత్తికిని గంపకును పట్టినవి ఆరిన పిమ్మట బంకవలె సాగును. మన సంఘ సభ్యులలో కొందరు ఈ పాలకు వెల ఏమైన గలదాయని మమ్మడిగియున్నారు. గలదనియే మా ప్రత్యుత్తరము. ఒక కాలమున ఈ బంక కొరకు దూరదేశముల వర్తకులు అడవులలో పోటీపడిరి. అయితే ఆ వెలలో చెట్టెక్కినవానికి దక్కినదెంత, నడిమివారు తిన్నదెంత, చెట్టునకు మిగిలినదేమి అను ప్రశ్నలు మనబోటి సహకార సంఘీయులు తప్పక తెలిసికొనదగినవి. కావున ఈ నెల సంచికలో ఆ వృత్తాంతమును కొంత విపులముగా వ్రాయుచున్నాము.

సపోటా మన దేశపు చెట్టు కాదు. దాని పుట్టినిల్లు మెక్సికో దేశమున ఆగ్నేయమున నున్న యూకటాన్ ద్వీపకల్పము, దానికి దక్షిణమున గ్వాటెమాలా దేశములోని పెటెన్ సీమ, ప్రక్కనున్న బెలీజ్ దేశము. ఆ సీమలలో నేల సున్నపురాతి నేల, పైమన్ను పలుచన, వాన మెండు. మన తోటలలో ముప్పది నలుబది అడుగుల కంటె మించని ఈ చెట్టు అచ్చటి అడవిలో నూరడుగుల వరకు పెరుగును. మన అడవులలోని పాల చెట్టును, ఇప్పయు, పొగడయు దీనికి జ్ఞాతులే. ఒకప్పుడు సముద్రగర్భమున వేసిన తంతితీగెలకు తొడుగుగా వాడిన గట్టాపర్చా బంకనిచ్చు మలయా దేశపు చెట్టు కూడ ఈ కుటుంబములోనిదే. ఈ కుటుంబమున పుట్టిన చెట్లకు బెరడులో పాలుండుట సహజ లక్షణము.

సపోటా కొయ్య మాట ముందు చెప్పవలెను. ఎఱ్ఱని చాయగల మిక్కిలి గట్టి కొయ్య అది. పచ్చిగా నున్నప్పుడు నీట వేసిన మునుగును. చెదలు సులువుగా తాకవు. పెటెన్ అడవిలోని టికాల్ అను పాడుపడిన నగరమున మాయా జాతివారు 8వ శతాబ్దమున కట్టిన రాతి దేవాలయములకు ద్వారబంధముల పైకమ్ములుగా సపోటా దూలములను వేసి, వానిమీద రాజుల విగ్రహములను, అక్షరములను చెక్కించిరి. పన్నెండు వందల ఏండ్ల వానలకును ఉక్కకును ఓర్చి ఆ దూలములు కొన్ని నేటికిని నిలిచియున్నవి. కొన్నింటిని 19వ శతాబ్దమున ఊడదీసికొనిపోగా అవి స్విట్జర్లాండు దేశములోని బాసెల్ ప్రదర్శనశాలలో నున్నవి. మన పాత ఇండ్ల టేకు దూలములను మెచ్చుకొనువారు ఈ లెక్క మనసున నుంచుకొనవలెను.

ఇక పాల సంగతి. బెరడు లోపల సన్నని నాళములలో ఈ పాలుండును. పురుగు తొలిచినను, కత్తి తగిలినను చెట్టు వానిని కారించి గాయమును మూసికొనును. పాలలో నీరు పోగా మిగులునది రబ్బరు జాతి పదార్థమును, గుగ్గిలము వంటి పదార్థమును కలిసిన ముద్ద. రబ్బరు చెట్టు పాలలోను, గట్టాపర్చాలోను ఉన్నది ఒకే మూలకణము. అది వరుసగా గొలుసువలె కూడియుండును. ఆ లంకెలు ఒక తీరున కూడిన సాగి మరల ముడుచుకొను రబ్బరగును. వేరొక తీరున కూడిన బిఱుసైన గట్టాపర్చా యగును. సపోటా బంకలో ఈ రెండు తీరులును కలిసియుండును. గుగ్గిలపు భాగము కూడ హెచ్చు. అందుచేతనే అది మంచి రబ్బరునకును పనికిరాదు, గట్టాపర్చాకును సాటి రాదు. కాని నోటి వెచ్చదనమునకు మెత్తబడి, నమలిన కొలది సాగుచు, నీట కరగక నిలుచును. ఈ గుణమే దాని అదృష్టము. చెట్టు దురదృష్టము కూడ ననవచ్చును.

మెక్సికో దేశపు ప్రాచీనులు ఈ బంకను నమలుట యెఱుగుదురు. వారి నావాట్ల్ భాషలో దీనికి త్సిక్ట్లి యని పేరు. స్పెయిను దేశస్థుల నోట అది చిక్లే యయ్యెను. 16వ శతాబ్దమున అచ్చటి ఆచారములను వ్రాసియుంచిన సహగూన్ అను సన్న్యాసి, పెండ్లికాని పడుచులు నలుగురిలోను దీనిని నమలుదురనియు, పెండ్లియైన స్త్రీలు ఇంటిలోపలనే నమలుదురనియు తెలిపెను. మనకు తాంబూలమెట్లో వారికి చిక్లే అట్లు. ఏది ఎవరియెదుట నమలవచ్చునను మర్యాద అన్ని దేశములలోను ఉండవలసినదే కాబోలు.

ఇది వ్యాపారవస్తువైన విధము వింత. పదవీభ్రష్టుడై దేశమును వదలిన మెక్సికో మాజీ అధ్యక్షుడు శాంటా ఆనా 1860వ దశకము చివర న్యూయార్కు సమీపమున నుండెను. చిక్లేను రబ్బరునకు బదులుగా అమ్మి ధనము గడింపవచ్చునని ఆయన తలపోయుచుండెను. థామస్ ఆడమ్స్ అను నతడు ఆ బంకను తెప్పించి, గంధకము కలిపి, కాచి, ఆటవస్తువులు మొదలు బండిచక్రముల వరకు ఏమేమో చేయజూచెను. ఏదియు నిలువలేదు. తుదకు ఆ బంకను ఉడికించి చిన్న ముక్కలుగా చుట్టి నమలుటకు అమ్మగా జనులు ఎగబడి కొనిరి. 1871లో నమలు బంక చేయు యంత్రమునకు అతడు పేటెంటు పొందెను. 1893లో చికాగో నగరపు రిగ్లీ తన రెండు ప్రసిద్ధమైన రకములను అంగడికి తెచ్చెను. అటుపిమ్మట అమెరికా నగరములలో నమలని నోరు అరుదాయెను. ఆ నోళ్ళన్నిటికిని కావలసిన బంక యూకటాన్, పెటెన్ అడవులనుండియే రావలెను. ఏలన సపోటా చెట్టు బంకకు వచ్చుట కెన్నో యేండ్లు పట్టును గనుక దానిని రబ్బరువలె తోటగా వేసి లాభము పొందుట కుదురలేదు.

బంక తీయువారిని అచ్చట చిక్లేరోలందురు. వారి పని యెట్టిదో చదువరులు కొంచెము ఓపికతో వినగోరుచున్నాము.

వాన పడిననే పాలు చక్కగా కారును. ఎండకాలమున చెట్టు పాలు బిగబట్టును. కావున జూలై నెల మొదలు జనవరి ఫిబ్రవరుల వరకు, అనగా అడవి బురదయై దోమలు ముసురు కాలముననే వీరికి పని. ఒక గుంపు వారు కలిసి నీటివసతి యొద్ద ఆకుకప్పుల పాకలు వేసికొందురు. వంటకు ఒకరుందురు. తెల్లవారకముందే ఒక్కొక్కరు ఒక్కొక్క దారి పట్టి చెట్లు వెదకికొని పోవుదురు. చెట్టు దొరికినచో ముందుగా చిన్న గాటు పెట్టి పాలున్నవో లేవో చూతురు. ఉన్నచో మొదట గుడ్డసంచి కట్టి, నడుమునకును మ్రానుకును కలిపి తాడు చుట్టుకొని, కాళ్ళకు ఇనుపముండ్లు తగిలించుకొని, క్రిందినుండి పైకి ఎక్కుచు పెద్దకత్తితో బెరడుమీద వంకరటింకరగా గాట్లు పెట్టుదురు. ఒక గాటు చివరను వేరొక గాటు కలియును. పైన కారిన చుక్క ఆ మెలికల కాలువ వెంట దిగి దిగి సంచిలో పడును. మన గీత పనివారికి ఈ ఎక్కుట, ఈ తాడు క్రొత్తవి కావు. అయితే కల్లుగీతలో కత్తి పడునది గెలమీద. ఇచ్చట కత్తి పడునది తన్ను మోయుచున్న తాడునకు జానెడు దూరమున. తడిసిన మ్రానుమీద కత్తి జారి తన తాడునే తాను తెగగొట్టుకొని పడినవారు కలరు.

నేర్పంతయు గాటు లోతులో నున్నది. పైబెరడు మాత్రమే తెగిన పాలు రావు. బెరడు దాటి కొయ్యకు తగిలిన ఆ చోట చెట్టు మరల బెరడు కట్టలేదు. మ్రాను చుట్టును గాటు తిరిగినచో చెట్టు చచ్చును. తెలిసిన పనివాడు ఈ రెంటికి నడుమ నున్న వెండ్రుకంత మేర తెగకోయును. ఇంతజేసియు ఒక చెట్టునుండి ఒకసారికి దొరకు బంక ఇంచుమించు ఒక కిలో. అటుపిమ్మట ఆ చెట్టునకు నాలుగేండ్ల నుండి ఎనిమిదేండ్ల వరకు విశ్రాంతి యియ్యవలెను.

కూడిన పాలను వారమున కొకనాడు పెద్ద కొప్పెరలో పోసి కాచుదురు. మనము బెల్లము వండునట్లే ఇదియు చేయి తీయక కలియబెట్టవలసిన పని. తడి మూడవవంతు మిగులువరకు కాచి, దించి, చల్లారనిచ్చి, సబ్బునీరు తడిపిన చెక్క అచ్చులలో పోసి ఇటుకలుగా చేయుదురు. ఆ యిటుకమీద చేసినవాని గురుతు వేయుదురు. తరువాత కంచరగాడిదల మీద, కాలక్రమమున చిన్న విమానములమీద కూడ, అది రేవునకు పోవును. ఇది గాక ఆ అడవిలో నొక సన్ననీగ కలదు. అది కుట్టినచోట, ముఖ్యముగా చెవి తమ్మెమీద, మానని పుండు పుట్టి చెవి తరిగిపోవును. ఆ వ్యాధికి చిక్లేరో పుండనియే పేరు. చెవి సగము లేని ముసలివానిని చూచిన, వీడు బంక తీసినవాడని ఆ సీమలో ఎఱిగెడివారు.

ఇంత కష్టపడినవారి చేతికి వచ్చినదేమి? వానకాలము రాకముందే గుత్తదారు వచ్చి ముందుగా కొంత పైకమిచ్చి వారిని కట్టుకొనెడివాడు. కుటుంబమునకు ఆ పైకము ఖర్చగును. అడవిలోని మకాములో ఉప్పు, మొక్కజొన్న, మందు, కత్తి అన్నియు గుత్తదారు కొట్టులోనే, వాడు చెప్పిన ధరకే కొనవలెను. కాలము ముగిసి లెక్క చూచునప్పటికి బంక వెల అప్పునకు సరిపోవును. సరిపోనిచో మరుసటి యేటికి కట్టుపడుట. వేరుసెనగ పైరుమీదను పొగాకుమీదను సొమ్ము తెచ్చుకొని కళ్ళములోనే సరుకు ఒప్పగించిన మన రైతులకు ఈ లెక్క విప్పిచెప్ప నక్కరలేదు.

తూకమున మోసమును గూర్చి గూడ చెప్పవలెను. అయితే ఒక ప్రక్కదే చెప్పుట న్యాయము కాదు. గుత్తదారు త్రాసు తక్కువ చూపెడిది. దానికి ప్రతిగా చిక్లేరో ఇటుక నడుమ రాయి పెట్టెడివాడు, మన్ను కలిపెడివాడు, వేరు చెట్ల నాసి పాలు చేర్చెడివాడు. దానికి బదులుగా కొనువాడు అన్ని యిటుకలకును వెల తగ్గించెడివాడు. మంచి బంక చేసినవాడును కల్తీవానితో సమానముగా నష్టపడెను. ఇటుకమీద పేరు గుర్తు వేయు పద్ధతి ఇందుకొరకే ఏర్పడినది. సంఘమునకు తెచ్చు ధాన్యమున తాలు కలుపు సభ్యుని గూర్చి మేము వేరుగా వ్రాయవలసిన పని లేదు. వారికి ఈ పేరా చాలును.

1934 మొదలు 1940 వరకు మెక్సికోకు అధ్యక్షుడైన లాసరో కార్దెనాస్ కాలమున ఈ తీరు మారెను. కింతానా రో సీమలో అడవిని ఏహీదో అను గ్రామ ఉమ్మడి భూములుగా పంచిరి. అవి అమ్ముకొనుటకు వీలులేని భూములు. ఒక్కొక్క సభ్యునకు ఎంత అడవి కావలెనను ప్రశ్న రాగా, బంక తీసి ఒక కుటుంబము బ్రతుకుటకు, చెట్లకు విశ్రాంతి యిచ్చుచు వంతులవారీగా గాట్లు పెట్టుటకు, 420 హెక్టార్లు వలయునని లెక్కకట్టిరి. అనగా వేయి ఎకరములకు పైమాట! సేద్యమునకు ఈ లెక్క హాస్యాస్పదము. బంకకు ఇది సరియైనది. చెట్టు విశ్రాంతిని లెక్కలోనికి తెచ్చి భూమిని కొలచిన ఈ పద్ధతి మాకు మిక్కిలి నచ్చినది. బంక తీయువారు సహకార సంఘములుగా నేర్పడి, ఆ సంఘములు ఒక సమాఖ్యలో చేరి, గుత్తదారు లేకుండ సరుకును ఎగుమతికి పంపసాగిరి.

సంఘము పుట్టినంతనే కష్టములు తీరెనని వ్రాసిన అసత్యమగును. సమాఖ్య పెద్దలను ప్రభుత్వపువారే నిలుపుచుండిరి. సభ్యుల యెన్నిక పేరునకు మాత్రమే. ఎగుమతి ఒక్క ప్రభుత్వ సంస్థ ద్వారానే జరుగుచుండెను. అమ్మిన సరుకు వెల ఎంత, ఖర్చులెంత, మిగులెంత అను లెక్క అడవిలోని సభ్యుని దాక వచ్చెడిది కాదు. గుత్తదారు పోయెను గాని లెక్క చూపని అలవాటు అంతటితో పోలేదు. మహాసభకు రాక, వచ్చినను జమాఖర్చుల పట్టిక చదువునప్పుడు లేచిపోవు మన సభ్యులు ఈ సంగతి గమనింతురు గాక.

రెండవ ప్రపంచయుద్ధకాలమున అమెరికా సైనికుల ఆహారపు పొట్లములలో నమలు బంక కూడ చేరుటచే చిక్లేకు గిరాకి శిఖరమునకు చేరెను. ఎంత తెచ్చినను కొనువారుండిరి. విశ్రాంతి యియ్యవలసిన చెట్లకును గాట్లు పడెను. యుద్ధము ముగిసిన కొలది యేండ్లకే పిడుగుపడినట్లయ్యెను. రాతినూనెనుండి చేసిన కృత్రిమ పదార్థములు నమలు బంకకు ఆధారముగా వచ్చినవి. అవి చౌక, ఏడాది పొడుగునను ఒకే తీరుగా దొరకును, వానతో పనిలేదు. కర్మాగారములవారు క్రమముగా చిక్లేను విడిచిరి. మలయా దీవుల జెలుటాంగు బంకకును ఇదే గతి పట్టెను. నేడు మన అంగళ్ళలో పిల్లలు కొను నమలు బంకలో సపోటా పాలు సాధారణముగా ఉండనే యుండవు. ఒకే సరుకు, ఒకే దేశమున కొనుగోలుదారులు, ఎగుమతికి ఒకే ద్వారము గల సంఘములు ఆ దెబ్బకు క్రుంగిపోయినవి. చెట్లను కొట్టి రైలుపట్టాల క్రింది దిమ్మెలుగా అమ్ముట కూడ జరిగెను. వంద యేండ్లు పాలిచ్చు చెట్టు ఒక్కనాటి కొయ్యయయ్యెను.

అయినను కథ అచ్చట ఆగలేదు. జపాను దేశపు కొనుగోలుదారులు కొందరు నిజమైన చిక్లేను విడువలేదు. 1983లో కింతానా రో గ్రామములవారు తమ అడవిని తామే నడుపుకొను ఏర్పాటు మొదలుపెట్టిరి. 1990వ దశకమున బంక సంఘములు తిరిగి లెక్కలు సరిచేసికొని, సభ్యుల చేతిలోనికి పెత్తనమును తెచ్చుకొని, ఒక క్రొత్త కూటమిగా నేర్పడినవి. ఇటుకను ఇటుకగా అమ్మిన వెల యంతంతే గనుక నమలు బంకను తామే తయారుచేయ దలచిరి. 2009లో చిక్సా అను పేర వారి సరుకు ఇంగ్లండు అంగళ్ళకు వచ్చెను. కృత్రిమపు బంక ఉమిసినచోట వీథిరాళ్ళకు అంటి ఏండ్లకొలది ఉండును. చిక్లే మన్నులో కలిసిపోవును. ఈ గుణమునే వారు ముందుంచి అమ్మిరి. పూర్వపు గిరాకితో పోల్చిన ఇది కొంచెమే. కాని బంక యొక్కయు పేటిక యొక్కయు వెల రెండును గ్రామమునకే చేరు మార్గమిది.

ఇప్పుడు మొదటి ప్రశ్నకు వత్తము. మన తోటలలోని సపోటాలకు గాట్లు పెట్టవచ్చునా? వలదని మా నిశ్చితాభిప్రాయము. మనవి అంటుచెట్లు, మ్రాను పొట్టి, కొమ్మలు క్రిందినుండియే విరియును. అడవి చెట్టుకే నాలుగైదేండ్ల కొక కిలో బంక వచ్చుచుండగా మన చెట్టున వచ్చునది చేరెడు. ముదురు చెట్టు ఏటేట వేయి, రెండువేల కాయలు కాయును. గాటు పెట్టిన చెట్టు కాపు తగ్గును. గాయమున తెగులు చేరును. తొలుచు పురుగునకు త్రోవ దొరకును. చేరెడు బంకకై గంపల కాయలు పోగొట్టుకొనుట తెలివికాదు.

అడవిలో బంక తీయుటయే జీవనమైనవారు మనలోను కలరు. విశాఖ, తూర్పుగోదావరి మన్యముల గిరిజనులు తపసి చెట్టునుండి బంక తీయుదురు. అది సపోటా బంకవలె సాగునది కాదు, నీట ఉబ్బును, మందులకును తినుబండారములకును వాడుదురు. 1956లో ఏర్పడిన గిరిజన సహకార సంస్థ దానిని కొనుచున్నది. పూర్వము గొడ్డలితో పెద్ద గాయములు చేయుటచే చెట్లు చచ్చెడివి. తరువాత చిన్న కత్తితో కొలతప్రకారము పలుచని గాట్లు పెట్టుట నేర్పిరి. బంకయు తెల్లగా, శుభ్రముగా వచ్చి మేలురకపు వెల పలికెను. లోతు తెలిసిన చేయి ఎచ్చటనైనను ఒకటే.

మన తోటలకు ఇంకొక పని మిగిలియున్నది. సపోటా అంటులు నిలుచుట పాల మొక్క వేరుమీద. ద్వారపూడి, క్రికెట్ బాల్, కాలీపత్తి, ఏ రకమైనను పాల మొక్కమీద కట్టినదే గట్టిగా పెరిగి చిరకాలము కాయును. పాల గింజ తక్కువగా మొలచును. మొలచినను మెల్లగా పెరుగును. అంటునకు తగిన లావు వచ్చుటకు రెండు మూడేండ్లు ఓపిక పట్టవలెను. కావున అడవి అంచులనున్న ముదురు పాల చెట్లను వంటచెరకునకు కొట్టనీయక కాపాడుకొనుడు. అట్టి చెట్లు గల గ్రామముల సభ్యులు పండ్ల కాలమున గింజలను ఏరి, గుజ్జు కడిగి, నీడన ఆరబెట్టి, ఎండనీయక వెంటనే నారుమడిలో వేసిన మేలు.

ఇక కోతవేళ మాట. పక్వమైన కాయను గోట గీసిన లోన ఆకుపచ్చ కానరాదు, పాలు చిమ్మవు. పైనున్న పొట్టు రాలును. అట్టి కాయనే కోయుడు. పాలు చిమ్ము కాయ మాగినను తీపి తక్కువ, నోటికి బంకగా తగులును. దానికి కొట్టులో వెలయు తక్కువే. కోసిన కాయలను తొడిమ క్రిందికి ఉండునట్లు గడ్డిమీద పరచి, పాలు ఓడి ఆరిన పిమ్మటనే గంపలకు ఎత్తుడు.